మూడో మిస్డ్ కాల్

నాచారంలో మేం అద్దెకున్న గదుల్లోకి సెల్‌ఫోను సిగ్నల్ వచ్చేది కాదు. ముందు వైపు ఇంటి ఓనరు టీచరమ్మ వాళ్ళ రెండంతస్తుల ఇల్లు, దాని వెనక రేకుల కప్పుతో వరుసగా మా గదులు, మా వెనక ఒక ఫ్యాక్టరీ గోడ. రోడ్డు మీద నిండుగా గీతలు చూపించే ఫోను మా వాకిట్లోకి రాగానే ఒక్క గీతకు పడిపోయేది. గడప దాటితే అదీ పోయేది. మా ఆయన కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి చాపి, స్పీకర్ పెట్టి, లోపల నిలబడి అరిచి మాట్లాడేవాడు. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరికి ఎవరితో పడటం లేదో గల్లీ అంతా వినేది.

సిగ్నల్ ఎక్కడుందో కనిపెట్టింది మా పక్క గది ఆమె. జనగామ దిక్కు నుంచి వచ్చిన మనిషి, ఆమె నోటికి ఊరుకోవడం తెలియదు. టీచరమ్మ డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన బట్టలు ఆరేస్తుంటే ఆమె బొడ్లో దోపుకున్న ఫోను మోగింది. చేతిలోని తడి చీర కింద పడేసి అక్కడినుంచే కేకేసింది.

"ఓ వదినె! సిగ్నల్ ఈడున్నదే! ట్యాంకు ఎనక దాసుకున్నది!"

ఆ రోజు నుంచి మా గదులవాళ్ళ ఫోన్లన్నీ ఆ డాబా మీదికి చేరాయి. ఒక్కొక్క ఫోనును ఒక్కొక్క పాలిథిన్ సంచిలో పెట్టి, ముడేసి, బట్టల తీగకు క్లిప్పులతో వేలాడదీసేవాళ్ళం. పైకి ఎవరు వెళ్ళినా సరే, ఏ ఫోను మోగితే ఆ గది వాళ్ళను కేకేసి పిలవాలి. అది మాలో మేం పెట్టుకున్న కట్టుబాటు. వాన చినుకు పడితే బట్టలకన్నా ముందు ఫోన్ల కోసం పరిగెత్తేవాళ్ళం.

టీచరమ్మది గుంటూరు వైపు. మొదటిసారి ఆ తీగను చూసి ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"ఇదేంటమ్మా, నేను వడియాలు ఎండబెట్టుకునే చోట మీరు ఫోన్లు ఎండబెడుతున్నారు?"

"ఎండితె గట్టిగ మోగుతయి టీచరమ్మ" అంది పక్క గది ఆమె.

టీచరమ్మ నవ్వి ఊరుకుంది. తీగ మాత్రం తీసెయ్యమనలేదు.

నాకు అప్పటికి అక్షరాలు రావు. అంకెలు వచ్చు. బస్సు నంబర్లు, నోట్లు చూసి చూసి వచ్చినవి. ఫోనులో ఎవరి పేరు కనిపించినా నాకు వంకర గీతలే. అందుకని మా ఆయన తన కంపెనీలో తెలిసినతని చేత ఎవరు చేస్తే ఏ చప్పుడు రావాలో పెట్టించుకొచ్చాడు. మా చెల్లె ఇంటి నుంచి ఫోను వస్తే చిన్నపిల్ల కిలకిలా నవ్వేది. చెల్లెకు కడుపని తెలిశాక పెట్టించిన చప్పుడది.

"వదినె, నీ చెల్లె బిడ్డ నవ్వుతున్నది, ఉరుకు!" అని పక్క గది ఆమె పైనుంచి పిలిచేది. నేను మెట్లెక్కేలోపు నవ్వు ఆగిపోయేది. ఆగిపోవాలి కూడా. మాకు మాటలు ఎక్కువ ఉండేవి, ఫోనులో బ్యాలెన్స్ తక్కువ ఉండేది. అందుకని మేం మిస్డ్ కాల్స్‌తోనే ఒకరి సంగతి ఒకరం తెలుసుకునేవాళ్ళం. ఒకసారి మోగించి, ఎత్తకముందే కోసేస్తే అంతా బాగున్నట్టు. రోజూ పొద్దున మా చెల్లె దగ్గరి నుంచి అలాంటిది ఒకటి రావాలి. అది వచ్చాకే నేను సద్దిగిన్నె కట్టుకుని కంపెనీకి నడిచేదాన్ని. నేను సీసాల మూతలు ఏరి సంచులకెత్తే పని చేసేదాన్ని.

చెల్లె అంటున్నాను కానీ అది నా బిడ్డలాంటిది. మా అమ్మ పోయేనాటికి దానికి నడక రాలేదు. నా పెళ్ళినాడు కూడా అది నా చంకలోనే ఉంది. నాతోపాటే నా అత్తగారింటికి వచ్చింది, అక్కడి నుంచి మాతోపాటే నాచారం వచ్చింది. నాకు పిల్లలు కలగలేదు. దాన్ని కీసర అవతల ఒక ఊళ్ళో ఇచ్చాం. పిల్లాడు బండలు కొట్టే పనికి పోతాడు, మంచివాడు. దానికి తల్లిగారిల్లంటే నా రేకుల గదే.

మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. ఏడో నెలలో తీసుకొద్దామని అనుకున్నాం. ఆ నెలలో మా ఆయనకు కామెర్లు వచ్చాయి. ఆయన మంచం మీద ఉండగా గదిలో కడుపుతో ఉన్న పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలి? ఆయన లేచి తిరిగేసరికి దానికి ఎనిమిదో నెల వచ్చింది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని ఇల్లు కదిలించకూడదు. వాళ్ళ అత్త ఒప్పుకోలేదు, నిజానికి నేనూ ఒప్పుకోలేదు. తొమ్మిది పడగానే మంచిరోజు చూసి తీసుకుపోతానని చెప్పడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఆ రోజే వాళ్ళ వాకిట్లో కూర్చుని మిస్డ్ కాల్స్ లెక్క మాట్లాడుకున్నాం. వాళ్ళ ఊళ్ళోనూ సిగ్నల్ లేదు. ఊరి బయట ఒక బండగుట్ట ఉంది. చెల్లె మొగుడు, మా మరిది, పొద్దున లేచి ఆ గుట్ట ఎక్కి నాకు ఫోను చేసి, దిగి పనికి పోయేవాడు.

"ఒకటిస్తె అంత మంచిదే అన్నట్టు" అన్నాడు మరిది. "రెండిస్తె నువ్వు బయలెల్లి రా వదినె. మూడిస్తె మేమే తోల్కొస్తున్నట్టు. నువ్వు మా ఊరికి రాకు, ఉప్పల్ చౌరస్తల నిలబడు. ఆడికెల్లి అందరం కలిసి దవాఖానకు వోదాం."

"మరి నాలుగిస్తె?" అంది చెల్లె, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని.

"నాలుగిస్తె నా ఏలు జారిందన్నట్టు."

వాళ్ళ అత్త కూడా నవ్వింది. చెల్లె నవ్వి, నవ్వు ఆపి, నా కొంగు పట్టుకుంది. టీచరమ్మకు తెలిసిన నర్సు ఉన్న కాన్పుల దవాఖానకు అంతకుముందు నేనే దాన్ని ఒకసారి తీసుకెళ్ళి చూపించాను. అక్కడి వరండాలో ఆడవాళ్ళ అరుపులు విని అది నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆ భయం ఇంకా పోలేదు.

"అక్క లేకుంటె నేను దవాఖాన లోపటికి వోను. ముందే జెప్తున్న" అంది.

"నేనెటు వోత పిల్లా? నీ ముందటనే ఉంట" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు పొద్దున పొద్దున పిల్ల నవ్వు వినబడుతూనే ఉంది. ఎనిమిదో నెల సగం గడిచింది.

ఆ రోజు నేను నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడ్డాను. డాబా మీది నుంచి పక్క గది ఆమె గొంతు వినిపించింది.

"నవ్వింది వదినె!"

ఎప్పటిలాగే ఒకటి అనుకున్నాను.

"మల్ల నవ్వుతున్నది! రెండు వదినె, రెండు!"

బిందె అక్కడే వదిలేశాను. మెట్లెక్కేసరికి ఆమె నా ఫోను సంచి విప్పి చేతిలో పట్టుకుని ఉంది. తెర మీద రెండు అంకె ఉంది. దాని పక్కనున్న గీత ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి మాయమవుతోంది. మేమిద్దరం ఫోనును తులసి చెట్టులా మధ్యలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాం. మూడోది వస్తుందా అని. ఎండ ట్యాంకు మీదికి వచ్చింది. మూడోది రాలేదు.

నేనే తిరిగి చేశాను. ఒక ఆడమనిషి మాట్లాడింది. ఇంగ్లీషులో ఏదో చెప్పి, మళ్ళీ తెలుగులో మీరు చేసిన నంబరు అందుబాటులో లేదంది. గుట్ట దిగిపోయాడని అర్థమైంది.

టీచరమ్మ బడికి బయల్దేరుతూ మెట్ల దగ్గర ఆగింది. "ఇంకాసేపు చూడమ్మా. తొందరపడి వెళ్ళి, వాళ్ళే ఇటు వస్తే?"

"వాళ్ళొస్తె మూడు మోగాలె టీచరమ్మ. రెండు మోగినయి. రమ్మన్నట్టే."

ఆమె లోపలికి పోయి పాత నూలు చీరలు రెండు తెచ్చి నా సంచిలో పెట్టింది. మా ఆయన అప్పటికే కంపెనీలో ఉన్నాడు. అక్కడ లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. పక్క గది ఆమెతో చెప్పి, ఫోను రవికెలో దోపుకుని బయల్దేరాను.

నాచారం నుంచి కీసరకు మేం ఎప్పుడూ మల్లాపూర్, కుషాయిగూడ, నాగారం మీదుగా పోయేవాళ్ళం. ఉప్పల్ దిక్కు వెళ్ళే పని లేదు. బస్సులో ఫోనును చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళు దాటుతున్నకొద్దీ గీతలు పెరిగాయి, తగ్గాయి, మళ్ళీ పెరిగాయి. నాగారం దాటాక పూర్తిగా పోయాయి. నా పక్కన కూర్చున్న ముసలామె కీసరగుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోతోంది. "ఫోను మీద గంత పానమేంది బిడ్డా?" అంది. చెల్లె సంగతి చెప్పాను. "దేవునికి నీ తరపున గూడ దండం వెడ్త" అంది. మనసు కాస్త నిమ్మళించింది.

కీసరలో దిగి, ఊరి ఆటో కోసం ఆగి, ఆటో నిండేదాకా కూర్చుని, చెల్లె ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

తలుపుకు తాళం ఉంది.

వాకిట్లో బిందె ఒకటి పక్కకు పడి ఉంది. తీగ మీద చెల్లె చీర ఒకటి ఎండి గట్టిపడింది. నేను తలుపు కొట్టాను. తాళం కనిపిస్తున్నా కొట్టాను. ఎదురింటి అరుగు మీది ముసలాయన లేచి నిలబడ్డాడు.

"ఓ బిడ్డా, నువ్విటొచ్చినవేంది? పొద్దుగాల్నే ట్రాలీ ఆటోల పట్నం తోల్కవోయిన్రు. నొప్పులొచ్చినయి. నీకు ఫోను జేసినమన్నరు గద?"

"ఎటుకెల్లి వోయిన్రు?"

"ఘట్‌కేసర్ రోడ్డుకెల్లి. ఉప్పల్‌ల అక్క నిలబడి ఉంటది అని నీ చెల్లె అనుకుంటనే ఎక్కింది."

 ఎవరో నీళ్ళిచ్చారు. తాగానో లేదో తెలియదు. మా మరిది ఎక్కే బండగుట్ట గుర్తొచ్చి పరిగెత్తాను. ఎండకు బండలు కాలుతున్నాయి, చెప్పులు ఎక్కడ విడిచానో కూడా చూసుకోలేదు. పైన, అతను నిలబడే చోట బీడీ ముక్కలు పడి ఉన్నాయి. అక్కడే నిలబడి ఫోను పైకెత్తి చూశాను. ఒక గీత వచ్చింది.

మరిదికి చేశాను. మళ్ళీ ఆ ఆడమనిషే. మళ్ళీ చేశాను. ఆమె అదే గొంతుతో, అదే మాట. "అమ్మా, జర కలుపవే. నా చెల్లె నొప్పుల మీదున్నది" అన్నాను. అది మనిషి కాదని, ముందే చెప్పించి పెట్టిన మాటని నాకు తెలుసు. అయినా అన్నాను. ఆ గుట్ట మీద బతిమాలుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

అప్పుడు పక్క గది ఆమె నంబరు గుర్తొచ్చింది. అంకెలు నాకు నోటికి వచ్చు. ఆమె ఎవరినైనా ఉప్పల్‌కు పంపిస్తుందని ఆశ. అది మోగింది. మొదటిసారి మోగింది! మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ మోగింది. అప్పుడు నాకు కళ్ళ ముందు కనబడింది: మధ్యాహ్నపు ఎండలో టీచరమ్మ డాబా, బట్టల తీగ, ఆ తీగకు వేలాడే సంచిలో మోగుతున్న ఆమె ఫోను. గదుల్లో అందరూ పనులకు పోయి ఉంటారు. నేను ఒక బట్టల తీగకు ఫోను చేస్తున్నాను.

గుట్ట దిగి ఘట్‌కేసర్ పోయే ఆటో ఎక్కాను, అక్కడ ఉప్పల్ బస్సు. కండక్టరు టికెట్ అంటే చేతిలోని చిల్లరంతా అతని ముందు పెట్టాను. అన్నోజిగూడ దగ్గర బస్సు ఆగినప్పుడు నా చేతిలో పిల్ల నవ్వింది. బస్సులో అందరూ తిరిగి చూశారు. పచ్చ బటన్ నొక్కాను.

"వదినె! ఏడున్నవ్ వదినె?" మరిది గొంతు. వెనక హారన్లు, ఎవరో ఆడవాళ్ళ అరుపులు.

"బస్సుల ఉన్న! అది ఎట్లున్నది? హలో!"

"ఉప్పల్‌ల నీకోసం జూసి జూసి... ఈడనే..."

ఆ తర్వాత ఏమీ లేదు. తెగిపోయిందా, అతను పెట్టేశాడా, బ్యాలెన్స్ అయిపోయిందా, తెలియలేదు. తిరిగి చేస్తే కలవలేదు. 'ఈడనే' తర్వాత ఏం చెప్పబోయాడో ఆ మాటను మేడిపల్లి దాటేదాకా నేనే రకరకాలుగా పూర్తిచేసుకున్నాను. అన్నీ చెడ్డవే వచ్చాయి. పక్క సీటులోని పిల్లెవరో నా భుజం మీద చెయ్యి వేసింది. నేను పైకే ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఉప్పల్ చౌరస్తాలో దిగేసరికి ట్రాలీ ఆటో లేదు. బస్సులు ఆగే చోట జామకాయల బండి ఒకటి ఉంది. దాని పక్కన నేల మీద నీళ్ళు పోసి కడిగిన తడి. బండి దగ్గరున్న ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. నా ముఖం చూసి గుర్తుపట్టిందో, నా సంచిలోంచి బయటికొచ్చిన పాత చీర చూసి గుర్తుపట్టిందో.

"నువ్వేనా అక్కవు?"

తల ఊపాను.

"ఆడివిల్ల. బతికే ఉన్నది. తల్లి గూడ బతికే ఉన్నది. కూసో ముందు, పడిపోతవ్."

నేను ఆమె బండి చక్రం పట్టుకుని కూలబడ్డాను. ఆమే చెప్పింది. వాళ్ళు వచ్చి చాలాసేపు ఆగారట. నాకు ఫోను కలవక మరిది రోడ్డుకు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూ, వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూశాడట. దవాఖానకు పోదాం పదమని అత్త అంటే చెల్లె ఒప్పుకోలేదట. అక్క ఈడికే వస్తదని, అక్క వస్తేనే కదులుతానని ట్రాలీ చువ్వలు పట్టుకుని కూర్చుందట. ఆ తర్వాత కదిలే వ్యవధి లేకపోయింది. బస్సుల కోసం నిలబడిన ఆడవాళ్ళు కొంగులు, చున్నీలు అడ్డం పట్టారు. ఈమె బండి మీది గోనెపట్టా పరిచింది. కాన్పయ్యాక ఎవరో జీపు ఆపి వాళ్ళను దవాఖానకు తీసుకెళ్ళారు.

"పిల్ల జల్ది ఏడ్వలే. చిన్నగున్నది, పిడికెడంత. బోర్ల పట్టుకుని ఈపు రాస్తె అప్పుడేడ్చింది" అంది. తన మణికట్టు చూపించింది. గోళ్ళు దిగిన గుర్తులు, వరసగా ఎర్రగా. "నీ చెల్లె నా చెయ్యి ఇడువలే. జీపెక్కినంక ఇడిసింది."

ఆ గుర్తులు నా చేతి మీద ఉండాల్సినవి.

దవాఖానలో ఏ గదికి పోవాలో నాకు తెలియలేదు. గోడల నిండా బోర్డులున్నాయి. అడిగినవాళ్ళు బోర్డు చూసుకోమన్నారు. చివరికి మరిది కనిపించాడు. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారన్నాడు. నెలలు నిండలేదు కాబట్టి కొన్నాళ్ళు ఏమీ చెప్పలేమన్నారట.

చెల్లె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దాని నుదుటి మీద చెయ్యి పెట్టాను. కళ్ళు తెరిచింది. కోపం లేదు దాని ముఖంలో. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఎటు వోయినవక్కా?" అంది.

"నీ దగ్గరికే వోయిన."

అది మళ్ళీ గోడవైపు తిరిగింది.

రెండు మోగాయా, మూడు మోగాయా అన్న గొడవ తర్వాత చాలా రోజులు నడిచింది. మరిది మూడు ఇచ్చానని వాళ్ళమ్మ మీద ఒట్టు వేశాడు. పక్క గది ఆమె రెండే మోగాయని తన పిల్లల మీద ఒట్టు వేసింది. టీచరమ్మ ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టింది.

"మొదటిసారి చేసినప్పుడు ఏమైంది బాబూ? సరిగ్గా చెప్పు."

"మీరే ఎత్తిన్రు గద టీచరమ్మ?" అన్నాడు మరిది.

"నేనా?"

"ఆడమనిషి గొంతొచ్చింది. ఇంగ్లీషుల మాట్లాడింది. గీ ఇంట్ల ఇంగ్లీషొచ్చిన ఆడమనిషి మీరే గద. మీరు తీగ మీది ఫోను ఎత్తిన్రనుకున్న. బ్యాలెన్స్ పోతదని గబుక్కున కోసిన. టీచరమ్మే ఎత్తింది గద, ఒకటి అందింది అనుకున్న. ఎనక రెండిచ్చిన."

టీచరమ్మ తల పట్టుకుంది. డాబా మీద సిగ్నల్ పోయి వస్తున్న ఆ కాస్త సేపట్లో అతని మొదటి కాల్ నా దాకా రాలేదు. నేను గుట్ట మీద బతిమాలిన ఆ ఆడమనిషే అతనితోనూ మాట్లాడింది. ఇద్దరమూ ఫోను చెవిన పెట్టుకుని ఎత్తకముందే కోసెయ్యడానికి అలవాటుపడ్డవాళ్ళం. అతను ఇంకొక్క మాట విని ఉంటే తెలుగులో కూడా చెప్పేది ఆమె. పక్క గది ఆమె మొదట నవ్వింది, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఎవరిని అనగలం?

బిడ్డ బతికింది. అద్దాల పెట్టెలోంచి బయటికి వచ్చిన నాడు అది నా అరచేతిలో పట్టేంత ఉంది. చెల్లె దాన్ని నా ఒడిలో పెట్టింది. నాతో బాగానే మాట్లాడింది, నవ్వింది. కానీ ఆ తర్వాత ఇన్నేళ్ళలో అది నాకు ఒక్క మిస్డ్ కాల్ కూడా ఇవ్వలేదు. బ్యాలెన్స్ లేకపోతే అసలు చెయ్యదు. ఉంటే నేను ఎత్తేదాకా మోగిస్తూనే ఉంటుంది. ఎత్తగానే మొదట అడిగేది ఒకటే. "అక్కా, ఇప్పుడేడున్నవ్?" నేను ఎక్కడున్నానో చెప్పాక గానీ వేరే మాట మొదలుపెట్టదు. నేను ఫోనులో పిల్ల నవ్వు తీయించేశాను. మామూలు గంట పెట్టించుకున్నాను.

ఆ దవాఖాన గోడల మీది బోర్డులు నన్ను చాలాకాలం వెంటాడాయి. టీచరమ్మ రిటైరయ్యాక ఒక సాయంత్రం నేనే అడిగాను, నాకు చదువు చెప్పమని. నెరిసిన తల పెట్టుకుని నేను ఆమె డాబా మీద, అదే తీగ కింద కూర్చుని అ, ఆలు దిద్దాను. అప్పటికి తీగ మీద ఫోన్లు లేవు. మా గల్లీ చివర టవర్ లేచింది, గదుల్లోకే సిగ్నల్ వచ్చేది.

పాపకు మూడేళ్ళు వచ్చినప్పుడు చెల్లెకు ఒడిబియ్యం పోశాను. పసుపు కలిపిన బియ్యం తల్లిగారింటి ఆడవాళ్ళు ఆడపిల్ల కొంగులో పోస్తారు. మొదటి దోసిలి తల్లిది. తల్లి లేకపోతే తల్లి స్థానంలో ఉన్నవాళ్ళది. పీట వేసి, బియ్యం కలిపి, నేను కొత్త చీర కట్టుకుని సిద్ధంగా ఉన్నాను. చెల్లె రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి దాని వెంట జామకాయల ఆమె ఉంది. తల దువ్వుకుని, జరీ అంచు చీర కట్టుకుని, ఒక సంచి నిండా జామకాయలు తెచ్చింది.

"ఉప్పల్‌ల దిగి తోల్కొచ్చిన" అంది చెల్లె. ఆ తర్వాత నా ముఖం చూడకుండా, "ముందుగాల ఆమె పోస్తది అక్కా" అంది.

గదిలో అందరూ నావైపు చూశారు. పక్క గది ఆమె నోరు కూడా ఆ ఒక్కసారి ఊరుకుంది. నేను పక్కకు జరిగాను. జామకాయల ఆమె వద్దంటూనే వంగి దోసిలి పట్టింది. ఆమె మణికట్టు మీద ఏ గుర్తూ లేదు. నేను మాత్రం అక్కడే చూశాను. రెండో దోసిలి నాది. నా దోసిలిలోంచి కొన్ని గింజలు జారి నేల మీద పడ్డాయి. చెల్లె వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది.

అప్పటి నుంచి చెల్లె ఎప్పుడు వచ్చినా ముందు ఉప్పల్‌లో దిగి ఆమెను పలకరించి, పాపకు ఒక కాయ కోయించుకుని, అప్పుడు నాచారం వచ్చేది. నాకు మొదట్లో గుచ్చుకునేది. తర్వాత నేనూ అటు పోయినప్పుడు ఆమె బండి దగ్గర ఆగడం నేర్చుకున్నాను. ఆమెకు ఫోను లేదు. ఉండాలని మాకు తోచలేదు. ఎప్పుడు పోయినా ఆమె అక్కడే ఉండేది.

తెలంగాణ వచ్చిన ఏడాది మళ్ళీ ఒడిబియ్యం పెట్టుకున్నాం. అప్పటికి ఉప్పల్‌లో మెట్రో రైలు స్తంభాలు లేస్తున్నాయి. రోడ్డు మధ్యలో రేకుల అడ్డాలు, దుమ్ము, బస్సులు ఆగే చోట్లు మారిపోయాయి. పొద్దున నా ఫోను మోగింది.

"అక్కా, ఇప్పుడేడున్నవ్?"

"ఇంట్లనే ఉన్న. బియ్యం కలుపుతున్న."

"ఉప్పల్‌ల దిగిన. ఆమె బండి లేదు."

మాట చాలా స్పష్టంగా వినబడింది. పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టు. వెనక పాప "జామకాయ పెద్దమ్మ ఏదే?" అని అడగడం కూడా వినబడింది. నేను పసుపు చేతులతోనే ఆటో ఎక్కి వెళ్ళాను.

ఇద్దరం చౌరస్తాకు నాలుగు వైపులా తిరిగాం. కొబ్బరిబోండాల అతను, మిర్చిబజ్జీల ఆమె, అందరినీ అడిగాం. స్తంభాల పని మొదలైనప్పుడు బండ్లన్నీ తలో దిక్కు పోయాయన్నారు. రామంతాపూర్ దిక్కు పోయిందని ఒకరు, ఊరికే పోయిందని ఇంకొకరు. ఆమెది ఏ ఊరో మాకు తెలియదు. మా ఇద్దరి చేతుల్లో నిండుగా గీతలున్న ఫోన్లు ఉన్నాయి. చెయ్యడానికి నంబరు లేదు.

"ఇగ పోదామా?" అన్నాను. "మంచిగడియ దాటిపోతది."

చెల్లె కదలలేదు. రేకుల అడ్డం పక్కన, ఒకప్పుడు బండి ఉండే చోటుకు పోయి నిలబడింది. పాప దాని చెయ్యి పట్టుకుంది.

"జరసేపు జూద్దాం అక్కా. వస్తదేమో."

నేనూ వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. నా చేతుల పసుపు చెమటకు కరిగి మణికట్ల దాకా దిగింది. ఆగిన ప్రతి బస్సులోంచి దిగేవాళ్ళ ముఖాల్లోకి చెల్లె చూస్తూ ఉంది. దానితోపాటే నేనూ చూస్తూ నిలబడ్డాను.